పుదుచ్చేరి: వీధులు, ఇళ్ళు, ఇసుక

మీ దగ్గర పుదుచ్చేరి పటం ఉంటే ముందు దాన్ని బల్ల మీద పరచుకోండి. లేకపోయినా ఇబ్బంది లేదు. ఒక తెల్ల కాగితం మీద నిలువుగా కోడిగుడ్డు ఆకారం గీయండి. దాని కుడి అంచు బంగాళాఖాతాన్ని ఆనుకొని ఉందనుకోండి. ఆ గుడ్డు లోపల నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని తిన్నని గీతలు గీయండి. చివరగా సముద్రపు అంచుకు కొంచెం లోపలగా, ఉత్తరం నుంచి దక్షిణానికి ఇంకో గీత గీసి దాన్ని కాస్త లావు చేయండి. అది కాలువ. ఇక మీ ముందున్నది పుదుచ్చేరి పాతపట్టణం. చిన్నపిల్లవాడు కూడా అయిదు నిమిషాల్లో గీయగలిగిన ఊళ్లు మన దేశంలో చాలా తక్కువ.

2006 దాకా ప్రభుత్వ కాగితాల్లో ఈ ఊరి పేరు పాండిచ్చేరి. తెలుగువారికి ఇది పూర్తిగా పరాయి ఊరేమీ కాదు. గోదావరి ఒడ్డున ఉన్న యానాం వాసులకు రాజధాని ఇదే. అయితే ఈ ఊరిని ఇక్కడ ఎంచుకోవడానికి కారణం అది కాదు. మన తూర్పు తీరం పొడవునా, భీమిలి నుంచి చెన్నై దాటి మహాబలిపురం దాకా, సముద్రాన్ని చూపించి ప్లాట్లు అమ్మే కాలనీలు లేస్తున్నాయి. కొత్త లేఅవుట్ వేసేవాడు మొదట రోడ్డు గీస్తాడు, తరువాత ప్లాట్లు, మిగిలితే పార్కు. ఆ గీతల్లో ఏవి నిలుస్తాయి, ఏవి చెరిగిపోతాయి, అసలు గీయకుండా వదిలేసినది ఏమిటి అన్నది తెలియడానికి చాలా కాలం పడుతుంది. పుదుచ్చేరిలో మూడు వందల ఏళ్లకు పైగా గీతలు గీస్తూనే ఉన్నారు. అందుచేత ఆ ఊరిని అడగవచ్చు.

గీతలు ఎవరివి?

పుదుచ్చేరి వీధుల్లో తిరిగినవారు ఆ తిన్నదనాన్ని చూసి ఫ్రెంచివారి పనితనం అంటారు. చాలాకాలం పుస్తకాలూ అలాగే చెప్పాయి. ఫ్రెంచివారు ఇక్కడికి వచ్చింది 1673–74 ప్రాంతంలో. బీజాపూరు సుల్తాను తరఫున ఈ ప్రాంతాన్ని ఏలుతున్న షేర్ ఖాన్ లోడీ అనుమతితో చిన్న వర్తక స్థావరం పెట్టుకున్నారు. ఫ్రాన్సువా మార్టిన్ దాన్ని పెంచి పెద్ద చేశాడు. 1693లో డచ్చివారు దాడి చేసి ఊరు పట్టుకున్నారు. ఐరోపాలో కుదిరిన సంధి ప్రకారం 1699లో తిరిగి ఇచ్చేశారు. ఆ ఆరేళ్లను చరిత్రకారులు చాలాకాలం ఒక అంతరాయంగానే చూశారు. అయితే ఝాన్ దెలోష్ అనే ఫ్రెంచి పరిశోధకుడు 1694 నాటి డచ్చి పటాలను పరిశీలించి, తిన్నని వీధుల ఈ గళ్ల నమూనాకు పునాది డచ్చివారి కాలంలోనే పడిందని చూపించాడు. ఫ్రెంచివారు తిరిగి వచ్చాక ఆ నమూనానే అనుసరించి విస్తరించారు.

డచ్చివారి పటంలో నాకు ఆసక్తి కలిగించేది వేరే సంగతి. అందులో చేనేతవారికి స్థానం ఉంది. ఆ రోజుల్లో ఈ తీరానికి ఐరోపా ఓడలు వచ్చిందే బట్ట కోసం. నేతగాళ్లు ఊళ్లో ఉంటే సరుకు ఉంటుంది, సరుకు ఉంటే ఓడ వస్తుంది. మగ్గం ఇంట్లో ఉంటుంది గాని పడుగు ఇంట్లో పట్టదు. దాన్ని బారుగా సాగదీసి, గంజి పట్టించి, ఆరబెట్టాలి. మంగళగిరిలోనో చీరాలలోనో పొద్దున్నే వీధి పొడవునా పడుగు సాగదీయడం చూసినవారికి, తిన్నని పొడుగాటి వీధి ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు. వీధి అంటే మనకిప్పుడు బండ్లు పోయే దారి. వారికది పని చేసుకొనే చోటు కూడా.

ఫ్రెంచివారు తిరిగివచ్చాక సముద్రపు ఒడ్డున సెయింట్ లూయీ అనే అయిదు మూలల కోట కట్టారు. ఇప్పటి భారతి పార్కు ఉన్నచోట అది ఉండేది. ఊరు చుట్టూ ప్రాకారం లేచింది. తరువాత కాలంలో ఆ ప్రాకారం పోయింది గాని దాని జాడనే చుట్టూ రోడ్డు వేశారు. మీరు గీసిన గుడ్డు ఆకారం అదే.

1761 జనవరిలో ఇంగ్లీషువారు పుదుచ్చేరిని పట్టుకున్నారు. మద్రాసు గవర్నరు పిగట్ ఊరిని నేలమట్టం చేయించాడు. కోట, గవర్నరు భవనం, వర్తకుల మేడలు ఏవీ మిగల్లేదు. 1763 పారిస్ సంధి తరువాత, 1765లో ఫ్రెంచివారికి శిథిలాలు అప్పగించారు. గవర్నరుగా వచ్చిన లా ద లోరిస్తాఁ ఊరిని మళ్లీ కట్టించాడు. ఎక్కడ కట్టారో గమనించండి: పాత వీధుల మీదే. కోటను మాత్రం పూర్వంలా లేపలేదు.

నాలుగేళ్లు శిథిలంగా పడివున్న చోట కొత్త పటం గీయడానికి అడ్డేముంది? అడ్డు ఉంది. గోడలు పోయినా, ఈ మూల నుంచి ఆ చెట్టు దాకా మాది అన్న జ్ఞాపకం పోలేదు. జనం తిరిగివచ్చి ఎవరి స్థలంలో వారు కట్టుకున్నారు. ఇల్లు కూల్చడం ఫిరంగికి తేలిక. స్థలాల హద్దులు కూల్చడం దాని వల్ల కాదు. ఇవాళ ఎక్కడో ఒక పల్లె పక్కన హడావిడిగా లేఅవుట్ గీసి రాళ్లు పాతేవారు ఈ సంగతి తలచుకుంటే బాగుంటుంది. ఆ ఇళ్లు యాభై ఏళ్లలో కూలవచ్చు, ఆ రాళ్ల మధ్య వదిలిన రోడ్డు వెడల్పు మాత్రం మూడు వందల ఏళ్లు ఉంటుంది.

ఇక కాలువ. దానికి తూర్పున, సముద్రం వైపు, ఐరోపావారు. పడమట తమిళులు. ఫ్రెంచి పటాల్లో వీటికి తెల్ల పట్టణం, నల్ల పట్టణం అనే పేర్లుండేవి. పడమటి భాగంలోనూ వీధికో కులం. వెళ్లాళ వీధి, చెట్టి వీధి, వైశ్యుల వీధి అన్న పేర్లే సాక్ష్యం. గళ్ల నమూనా అందంగా ఉందని మెచ్చుకొనేటప్పుడు, ఎవరు ఏ గడిలో ఉండాలో కూడా ఆ నమూనాయే నిర్ణయించిందని మరవరాదు. విచిత్రమేమంటే ‘వైట్ టౌన్’ అన్న పేరు ఇప్పుడు హోటళ్ల ప్రకటనల్లో గొప్పగా వెలుగుతోంది. రెండో పట్టణం పేరు మాత్రం ఎవరూ బోర్డు మీద రాసుకోరు.

వీధిని చూసే ఇల్లు, లోపలికి చూసే ఇల్లు

కాలువకు రెండు పక్కలా ఇళ్లు వేర్వేరు. తూర్పున వీధి పొడవునా ఎత్తయిన గోడలు, పెద్ద తలుపు, తలుపు తీస్తే లోపల తోట, తోట వెనక కమానుల వరండా. వీధిలో నడిచే మనిషికి కనిపించేది పసుపో తెలుపో పూసిన గోడ, గోడ మీదుగా వేలాడే కాగితం పూలు. ఫొటోలకు బాగుంటుంది. అయితే ఎండలో నడిచేవాడికి ఆ గోడ నీడ తప్ప మరేమీ ఇవ్వదు.

పడమటి ఇల్లు వేరే రకం. వీధి మీదికి వాలిన పెంకుల చూరు, దాన్ని మోసే చెక్క స్తంభాలు. దాన్ని తమిళంలో తాళ్వారం అంటారు. దాని కింద నడిచిపోయేవారికి నీడ. దాని వెనక కూర్చోవడానికి తిణ్ణై. మన తిన్నె అన్నమాటకు తోబుట్టువే అది. మన ఊళ్లలో అరుగు అంటాం. లోపల ఆకాశానికి తెరుచుకున్న ముంగిలి, చుట్టూ గదులు. గోదావరి జిల్లాల మండువా లోగిలి చూసినవారికి ఇందులో కొత్తేమీ ఉండదు. ఒక్క తేడా ఏమంటే ఇక్కడ ఈ ఇళ్లు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. అందువల్ల తాళ్వారాలన్నీ కలిసి వీధి పొడవునా ఒక నీడబాట ఏర్పడుతుంది. దాన్ని ఏ మునిసిపాలిటీ కట్టలేదు. ఒక్కొక్క ఇంటివారు తమ ముంగిట మూడడుగులు బాటసారికి వదిలితే తయారైంది.

ఈ రెండు రకాలూ కలిసిన ఇల్లు ఒకటి ఇప్పటికీ ఉంది. ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా పనిచేసిన ఆనందరంగ పిళ్లై ఇల్లు అది. కింది అంతస్తు చెక్క స్తంభాలతో, ముంగిలితో మన పద్ధతిలో, పై అంతస్తు గుండ్రని స్తంభాలతో ఐరోపా పద్ధతిలో ఉంటాయి. 1736 నుంచి 1761 దాకా ఆయన తమిళంలో రాసిన దినచర్య చరిత్రకారులకు గని వంటిది. కస్తూరి రంగకవి ‘ఆనందరంగరాట్ఛందము’ అనే తెలుగు ఛందశ్శాస్త్రాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆ మేడలో తెలుగు పద్యం కూడా వినిపించి ఉండాలి.

ఇరవయ్యో శతాబ్దిలో సిమెంటు వచ్చింది. సముద్రపు గాలి, ఉప్పు, ఎండ కలిసే చోట సిమెంటుతో ఎలా కట్టాలో తెలిపే భవనం ఒకటి ఇక్కడే లేచింది. అరవిందాశ్రమవాసుల కోసం ఆంటొనిన్ రేమండ్ అనే వాస్తుశిల్పి రూపొందించిన వసతి గృహం అది. జార్జి నకాషిమా పుదుచ్చేరిలోనే ఉండి పని చూశాడు. 1930ల చివర మొదలై 1940లలో పూర్తయింది. ఉత్తర దక్షిణ ముఖాల్లో కిటికీలు, అద్దాలు లేవు. గోడకు బదులు అటూ ఇటూ తిప్పుకోగలిగిన అడ్డుపలకలు ఉన్నాయి. గాలి కావాలంటే తెరవాలి, వాన వస్తే మూయాలి. భారతదేశపు తొలి ఆధునిక కాంక్రీటు భవనాల్లో దీన్ని లెక్కిస్తారు. దీని పేరు ‘గోల్కొండ’. హైదరాబాదు సంస్థానంలో ఉన్నత పదవుల్లో ఉండిన సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం ప్రభుత్వం నుంచి విరాళం అందడంతో ఆ పేరు పెట్టారు. ఎనభై ఏళ్లు దాటాక కూడా ఆ భవనం నిలిచి ఉంది. దాని చుట్టూ 1980ల తరువాత లేచిన అద్దాల ముఖాల హోటళ్లలో శీతలయంత్రం ఆగితే పది నిమిషాలు కూర్చోలేరు. వెనక ఉన్న మేలైన ఉదాహరణను చూడకుండా కట్టడం మనకు కొత్తేమీ కాదులెండి.

పడమటి వీధుల్లో కథ ఇంకా వేగంగా మారింది. అన్నదమ్ములు పంచుకున్న స్థలాలు ఇరుకయ్యాయి. తాళ్వారం కూల్చి, తిణ్ణై తీసేసి, దుకాణం షట్టరు పెట్టి, పైన మూడంతస్తులు లేపారు. ఒక్క ఇల్లు అలా చేస్తే నీడబాట అక్కడ తెగిపోతుంది. నాలుగు చేస్తే అసలు ఉండదు. ఇంటాక్ సంస్థ 1980ల నుంచి పాత భవనాల జాబితాలు తయారుచేస్తూ వచ్చింది. 2002–04 మధ్య ఐరోపా సమాఖ్య సాయంతో, ఫ్రాన్సు, ఇటలీ పట్టణాల భాగస్వామ్యంతో వైశ్యుల వీధిలో ఒక ప్రయోగం చేశారు. ఒక్కొక్క కట్టడాన్ని మ్యూజియం చేయడం కాకుండా, వీధి మొత్తాన్ని ఒక వస్తువుగా తీసుకున్నారు. యజమానులకు ఖర్చులో కొంత భాగం ఇచ్చి, తాళ్వారాలు, తిణ్ణైలు మళ్లీ కట్టించారు. కొత్త కాంక్రీటు ఇళ్ల ముఖాలకు కూడా అదే వరసలో చూరు దించారు. 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో దీనికి గుర్తింపు వచ్చింది. ఇది మంచి పనే. అయితే ఒక్క వీధి. 2014 నవంబరు వానలకు సముద్రపు ఒడ్డునే ఉన్న పాత పురపాలక భవనం మొత్తం కుప్పకూలింది. దాన్ని అదే రూపంలో తిరిగి కట్టి 2021లో తెరిచారు. లా ద లోరిస్తాఁ నాటి అలవాటు పోలేదన్నమాట.

పటంలో లేని ఇసుక

ఇంతవరకూ గుడ్డు లోపలి సంగతి చెప్పుకున్నాం. ఇప్పుడు దాని కుడి అంచుకు రండి.

పాత పుదుచ్చేరికి సముద్రం ప్రధానంగా రేవు. షికారు తరువాతి సంగతి. నిజానికి సరైన రేవు కూడా కాదు. ఓడలు దూరాన లంగరు వేసేవి. కుట్టిన పలకల మసూలా పడవల్లో కెరటాల మీదుగా సరుకు, మనుషులు ఒడ్డు చేరేవారు. 1836లో దీపస్తంభం, 1866లో ఇనుప వంతెన వంటి రేవు కట్ట వచ్చాయి. ఆ కట్ట 1952 తుఫానులో పోతే, దానికి దక్షిణాన మరొకటి కట్టి 1962 నాటికి పూర్తి చేశారు. అదీ 2022 మార్చిలో సగం విరిగి పడింది. ఫ్రెంచివారి కాలంలో కూర్ షాబ్రోల్ అని పిలిచిన తీరపు రోడ్డు స్వాతంత్ర్యం తరువాత గుబేర్ అవెన్యూ అయింది. ఎడ్వర్డ్ గుబేర్ పుదుచ్చేరి మొదటి ముఖ్యమంత్రి. సాయంత్రం ఊరంతా అక్కడే ఉంటుంది. సముద్రం చూడవలసిన దృశ్యంగా మారింది అప్పుడే. దృశ్యానికి ధర వచ్చింది కూడా అప్పటి నుంచే.

ఆ రోడ్డు కింద ఒకప్పుడు వెడల్పాటి ఇసుక ఉండేది. అది ఎలా పోయిందో తెలియాలంటే ఇసుక ఎలా నడుస్తుందో తెలియాలి. మన తూర్పు తీరంలో ఇసుక ఒకచోట పడి ఉండదు. సుమారు మార్చి నుంచి అక్టోబరు దాకా కెరటాలు దాన్ని ఒడ్డు వెంబడి ఉత్తరానికి నెడతాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో కొంత దక్షిణానికి వస్తుంది. ఏడాది లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ, అదీ లక్షల ఘనపు మీటర్లలో. మన కాళ్ల కింది బీచి నిన్నటిది కాదు. దక్షిణం నుంచి వచ్చి, ఉత్తరానికి పోతూ, మధ్యలో మన ముందు ఆగిన ఇసుక అది. దారికి అడ్డంగా రాళ్లకట్ట వేస్తే దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన కోసుకుపోతుంది.

ఇది పందొమ్మిదో శతాబ్దంలోనే అందరికీ తెలిసిన విషయం. మద్రాసు రేవు కట్టడం 1870లలో మొదలైంది. దానికి దక్షిణాన పేరుకున్న ఇసుకే మెరీనా బీచిని అంత వెడల్పు చేసింది. గవర్నరు గ్రాంట్ డఫ్ 1880లలో అక్కడ విహార మార్గం వేయించాడు. ఉత్తరాన రాయపురం వైపు తీరం కోతకు గురైంది. విశాఖపట్నం రేవును 1933లో తెరిచారు. ఆ నిర్మాణంలో ఇసుకను అడ్డగించడానికి రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచారు. ఆ తరువాత రేవులో తవ్విన ఇసుకను ఉత్తరపు బీచికి పోయడం ఒక నిత్యకృత్యం అయింది. ఆ పోత మానితే ఆర్కే బీచి ఏమవుతుందో విశాఖవాసులకు తెలుసు.

ఇంత తెలిసి కూడా 1980ల చివర పుదుచ్చేరికి దక్షిణాన, అరియాంకుప్పం నది ముఖద్వారం దగ్గర, కొత్త రేవు కోసం రెండు రాళ్లకట్టలు సముద్రంలోకి వేశారు. దక్షిణాన ఆగిన ఇసుకను తోడి ఉత్తరాన పోయాలన్న ఏర్పాటు పథకంలో ఉంది. అది సక్రమంగా నడవలేదు. కొన్నేళ్లలోనే గుబేర్ అవెన్యూ ముందున్న బీచి మాయమైంది. రోడ్డును కాపాడడానికి నల్లరాతి బండలు పోశారు. బండలు పోసిన చోట రోడ్డు నిలిచింది. కోత మాత్రం ఆగలేదు, బండలు ఎక్కడ అయిపోయాయో అక్కడికి జరిగింది. అక్కడా బండలు పోశారు. కోత ఇంకా ఉత్తరానికి, తమిళనాడు పల్లెల దాకా వెళ్లింది. ఇంగ్లీషు ఫిరంగులు కూడా చెరపలేకపోయిన పట్టణానికి, తన రేవే తన తీరాన్ని లేకుండా చేసింది.

ఇక్కడ మీకొక ప్రశ్న రావచ్చు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆ రాళ్లే కదా ఊరిని కాపాడాయి? నిజమే. ఎత్తయిన తీరపు గోడ, బండలు ఉన్న పాతపట్టణం పెద్దగా దెబ్బతినలేదు. కాని పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం మొత్తం మీద సుమారు 600 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు కారైక్కాల్ వారు. చాలామంది సముద్రపు ఒడ్డున నివసించే జాలర్లు. గోడ ఎవరి ముందు ఉందో, ఎవరి ముందు లేదో ఆ లెక్కే చెబుతుంది.

తరువాత దక్షిణ తీరమంతటా కొత్త కాలనీలు కట్టారు. తమిళనాడు ప్రభుత్వం 2005లో ఒక షరతు పెట్టింది: కెరటాల రేఖకు 200 మీటర్ల లోపల ఉన్నవారు వెనక్కి వెళితే కొత్త ఇల్లు ఇస్తాం, పాత స్థలం ప్రభుత్వానికి వదులుకోవాలి. వినడానికి సబబుగానే ఉంది. ఎంతోమంది సంకోచించారు. ఎందుకో తెలియాలంటే జాలరిపేటలో, తమిళంలో కుప్పం అనే చోట, ఒక పొద్దు గడపాలి. జాలరికి ఇల్లంటే సగమే గోడల మధ్య ఉంటుంది. మిగతా సగం ఇసుక. తెప్ప, పడవ లాగి పెట్టేది అక్కడ, వల ఆరేసేది, బాగుచేసేది అక్కడ, చేపల వేలం అక్కడ, ఎండు చేపలు పరిచేది అక్కడ. సముద్రం రంగు చూసి ఆ రోజు వేటకు వెళ్లాలా వద్దా అని పెద్దలు తేల్చేదీ అక్కడే. వైశ్యుల వీధిలో తిణ్ణై ఎలాంటిదో, పూర్వం నేతగాడికి వీధి ఎలాంటిదో, జాలరికి బీచి అలాంటిది. లేఅవుట్ పటంలో మాత్రం అది ఖాళీ స్థలం. వరసలుగా కట్టిన కాంక్రీటు కాలనీలో గట్టి గోడలు వచ్చాయి, ఈ రెండో సగం రాలేదు.

చట్టం లేకపోలేదు. 1991 ఫిబ్రవరిలో వచ్చిన తీర నియంత్రణ ప్రకటన, గరిష్ఠ కెరటాల రేఖ నుంచి 500 మీటర్ల దాకా నిర్మాణాలను అదుపులో పెట్టింది. అప్పటికే ఊరు ఉన్నచోట, ఉన్న రోడ్డుకు సముద్రం వైపు కొత్తగా కట్టకూడదంది. గ్రామీణ తీరంలో 200 మీటర్ల దాకా నిర్మాణ నిషేధం పెట్టింది. 2011లో దాన్ని మార్చి రాశారు. 2019 జనవరి నాటి ప్రకటన, 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2161 మందికి మించి ఉన్న గ్రామీణ ప్రాంతాల్లో ఆ నిషేధాన్ని 50 మీటర్లకు కుదించింది. ఇళ్లు కట్టుకోవడానికి స్థలం చాలని జాలరి పల్లెలకు ఇది వెసులుబాటే. అదే వెసులుబాటుతో హోటలు కూడా రావచ్చు. ఏ గీత అయినా దాన్ని నిలబెట్టే మనిషిని బట్టి ఉంటుంది. అయితే నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మరొకటి: ఈ 500, 200, 50 మీటర్లన్నీ ఒడ్డు నుంచి లోపలికి కొలుస్తాము. ఆ ఒడ్డే జరిగిపోతే కొలత ఎక్కడ మొదలుపెట్టాలి?

2018–19లో జాతీయ సంస్థల శాస్త్రవేత్తలు సచివాలయం ఎదుట సముద్రంలో ముక్కోణపు ఉక్కు దిబ్బ ఒకటి ముంచారు. అది కెరటాల జోరు తగ్గించి, ఇసుకను నిలుపుతుంది. దానితో పాటు రేవులో తవ్విన ఇసుకను కూడా పోశారు. ముప్పై ఏళ్ల తరువాత పాతపట్టణం ముందు మళ్లీ ఇసుక కనిపించింది. పిల్లలు అందులో ఆడుకున్నారు. అది మొదట ఎవరి ముందు కనిపించిందో కూడా చూడండి: సచివాలయం, విహార మార్గం ముందు. ఉత్తరపు పల్లెల్లో కోత ఆగలేదు.

మీరు పుదుచ్చేరి వెళ్లినప్పుడు తెల్లవారుజామునే గుబేర్ అవెన్యూకు రండి. రాత్రి ఆపిన బండ్లను పొద్దెక్కేదాకా ఆ రోడ్డు మీదికి వదలరు, హాయిగా నడవవచ్చు. గాంధీ విగ్రహం దగ్గర బయలుదేరి, సముద్రాన్ని కుడిచేతి వైపు ఉంచుకొని ఉత్తరానికి నడవండి. పదిహేను ఇరవై నిమిషాల్లో అందమైన గోడలు అయిపోతాయి, రోడ్డు ఇరుకవుతుంది, చేపల వాసన వస్తుంది. అది కురుచికుప్పం. దాని తరువాత వైత్తికుప్పం. పడవలను ఇసుక మీదికి లాగడానికి అలవాటు పడ్డ చేతులు అక్కడ బండల మధ్య సందు వెతుక్కుంటాయి. మొదట్లో మీరు గీసిన కాగితం జేబులో ఉంటే తీసి చూడండి. గుడ్డు ఉత్తరపు కొస అక్కడికి ముందే అయిపోయింది.